మూరెడు దూరంలో అద్దం

బెంచీ మీద తనకంటే ముందు ఇద్దరున్నారు. అంటే లేచి వెళ్ళిపోవడానికి ఇంకా వ్యవధి ఉందన్నమాట, అనుకున్నాడతను. అనుకున్న మరుక్షణమే ఆ లెక్క వేసింది తనా, లోపలున్న ఇన్‌స్పెక్టరా అని అనుమానం వచ్చింది. ఇన్‌స్పెక్టరు అన్న పేరు తను పెట్టిందే. "పొద్దస్తమానం మీ మొహాన్ని తనిఖీ చేసే ఆ గొంతుంది చూశారూ, దానికో పేరు పెట్టండి. పేరుంటే ఎదురు మాట్లాడ్డం తేలిక" అని మనసు డాక్టరు అన్నప్పుడు నవ్వొచ్చింది, పెళ్ళాం, పిల్లా ఉన్న మనిషి బుర్రలో ఇన్‌స్పెక్టర్లని పెంచుకోవడమేమిటని. పెట్టాక తెలిసింది, పేరు లేనన్నాళ్ళూ వాడే తననుకున్నాడు. ఇప్పుడు ఆ ఇన్‌స్పెక్టరు చెవిలో గొణుగుతున్నాడు, ట్యూబులైటు సరిగ్గా నీ నెత్తి మీదుంది, పైనుంచి వెలుగు పడితే గుంటల్లో నీడ చేరుతుంది, ఎడమ చెంప గోడవైపు తిప్పుకో, ఆ పేపరాయన చూస్తున్నాడు. పేపరాయన చూడటం లేదు, పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని కునుకు తీస్తున్నాడు, ఊపిరి వదిలినప్పుడల్లా పేజీ కొస రెపరెపలాడుతోంది. అయినా మెడ సగం తిరిగింది. అక్కడ ఆపుకున్నాడు. ఆపుకున్న మెడ నొప్పి పుట్టింది, బరువు మోస్తున్నట్టు.

రెండు కుర్చీల షాపు. పనిచేసే మనిషి ఒక్కడే, అతన్ని మనసులో కత్తెరాయన అని పిలుచుకుంటున్నాడు ఇందాకట్నుంచీ, ఎందుకంటే మాట్లాడేటప్పుడు కూడా ఆయన కత్తెర గాల్లో ఆడిస్తూనే ఉన్నాడు, జుట్టున్నా లేకపోయినా. రెండో కుర్చీలో ఉతికిన తువ్వాళ్ళు దొంతరగా ఉన్నాయి. సబ్బు నురగ వాసన, పౌడరు వాసన, నీళ్ళు చల్లిన జుట్టు వాసన. ముందు గోడంతా అద్దం, వెనక గోడంతా అద్దం, ఒకదాన్నొకటి చూసుకుంటూ లోపలికి లోపలికి పోతున్నాయి, అందులో ఎన్ని కత్తెరాయనలో, ఎన్ని బెంచీలో, ఒక్కో బెంచీ మీద ఒక్కో తను. ఇన్నేళ్ళూ ఒక్క మొహంతోనే వేగలేక చచ్చాడు, ఇక్కడ మొహాల బజారు పెట్టారు. ఆ మాట పైకి అంటే బాగుండుననిపించింది, ఇంటికెళ్ళి భార్యకి చెప్పాలి, నవ్వుతుంది, ఆమె నవ్వి చాలా రోజులైంది. కాదు, నవ్వుతూనే ఉంటుంది, తనకే వినపడటం లేదు, తన చెవులు కూడా మొహం పనిలోనే ఉన్నాయి కదా.

ఇవాళ్టి పని చిన్నదే. టోపీ లేకుండా, మాస్కు లేకుండా కటింగ్ షాపుకి వెళ్ళడం. తన వంతు వచ్చేదాకా కూర్చోవడం, కుర్చీలో కూర్చుని క్రాపు చేయించుకుని రావడం. అద్దానికి మూరెడు దూరం కంటే దగ్గరకి పోకూడదు. మొహాన్ని ముక్కలు ముక్కలుగా కాకుండా తల నుంచి భుజాల దాకా ఒక్కసారే చూడాలి. చర్మం సంగతి ఎవర్నీ ఏమీ అడక్కూడదు. ఇంత చిన్న పనికి రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు. వాకిట్లో చెప్పులేసుకుంటుంటే భార్య చెయ్యి చాపింది, ఆ చేతిలో టోపీ పెట్టాడు, మాస్కు పెట్టాడు, ఆమె రెంటినీ కొంగులో దోపుకుని, "వచ్చేటప్పుడు పాలు తెస్తారా?" అంది, అదేదో మామూలు ఆదివారమైనట్టు. ఆ మామూలుతనం ఆమె ఎంత కష్టపడి తెచ్చుకుందో తెలుసు. వీధిలోకొచ్చాక మొహానికి గాలి తగిలింది. గాలి ముందు కూడా సిగ్గేసింది.

క్రాపు ఇంట్లోనే చేసుకునేవాడు, స్నానాల గదిలో, లైటు ఆర్పేసి. లైటుంటే అద్దం ఉంటుంది, అద్దముంటే ఇన్‌స్పెక్టరుంటాడు, చేతిలో ఉన్న కత్తెర చేతిలోనే ఉండిపోయి పూట గడిచిపోతుంది. అందుకని చీకట్లో వేళ్ళతో తడుముకుంటూ కోసుకునేవాడు. ఎవరైనా అడిగితే కటింగ్ షాపుల్లో శుభ్రం ఉండదనేవాడు. పెళ్ళిళ్ళకి రమ్మంటే కడుపునొప్పి అనేవాడు, గ్రూపు ఫోటో అంటే నేను తీస్తానని ముందుకొచ్చి ఫోను పుచ్చుకునేవాడు. బంధువుల్లో మంచి ఫోటోగ్రాఫరని పేరు కూడా వచ్చింది. తీసిన ఫోటోలు బాగానే ఉండేవి. ఏ ఒక్కదాన్లోనూ తను లేడు. పిచ్చుక అని పిలుచుకునే కూతురు మొదటిసారి నిలబడ్డప్పటి ఫోటో, మొదటిసారి బడికి వెళ్ళినప్పటి ఫోటో, అన్నిట్లోనూ పిల్ల ఇటువైపే చూస్తూ నవ్వుతుంటుంది, ఆ నవ్వు తన కోసమే, కానీ పెద్దయ్యాక చూసుకుంటే అటువైపు ఎవరున్నారో దానికి గుర్తుంటుందా?

కత్తెరాయన కుర్చీలో ఉన్నాయన మెడ మీద బ్రష్షుతో పౌడరు దులుపుతున్నాడు. పేపరాయన ఉలిక్కిపడి లేచి, తన వంతేననుకుని రెండడుగులు వేసి, మధ్యలో ఉన్న కుర్రాడిది వంతని తెలిసి, ఏమీ జరగనట్టు మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. "మీది క్రాపేనా, గడ్డమా?" అని అడిగాడు ఇటు తిరిగి, ఏదో ఒకటి మాట్లాడకపోతే పరువు పోతుందన్నట్టు. అడుగుతూ నేరుగా మొహంలోకి చూశాడు. "క్రాపు" అన్నాడతను. "నాకు పైన ఏం లేదు, చుట్టూ ఉన్నదానికి ఇంతసేపు కూచోవాలి" అని పేపరాయన బట్టతల నిమురుకున్నాడు. ఆయన తన మొహంలో ఏం చూశాడు? చూసి ఏమనుకున్నాడు? లేదు, అది ఇన్‌స్పెక్టరు ప్రశ్న. ఆయన చూసింది క్రాపునో గడ్డాన్నో. కావచ్చు. కాకపోవచ్చు. కాకపోవచ్చు అన్న మాట పక్కన కూర్చోగలిగితే చాలన్నారు మనసు డాక్టరు, దాన్ని తరిమెయ్యక్కర్లేదు, దానికి మర్యాదలూ చెయ్యక్కర్లేదు.

మన మాటల్నిండా మొహాలే, ఎందుకో. మొహమాటం అంటారు, మొహం చాటేశాడంటారు, ఏ మొహం పెట్టుకొచ్చావంటారు, మొహం చెల్లడం లేదంటారు, ముఖాముఖి తేల్చుకుందామంటారు. ఆ మాటలు విన్నప్పుడల్లా ఎవరో వెనకనుంచి భుజం తట్టినట్టు ఉండేది. ఎప్పట్నుంచి? మొదలు ఎక్కడని మనసు డాక్టరు అడిగితే చాలాసేపు వెతుక్కున్నాడు. పదిహేను, పదహారేళ్ళప్పుడు మొటిమలు వచ్చాయి, అందరికీ వచ్చినట్టే, అందరికీ పోయినట్టే పోయాయి. పోయాక ముక్కు పక్కన, ఎడమ చెంప మీద చిన్న మచ్చలు మిగిలాయి. కాలేజీ కార్డుకి ఫోటో దిగడానికి స్టూడియోకి వెళ్తే అక్కడాయన, "ఫర్వాలేదు, ఇక్కడ కాస్త టచప్ చేస్తే సరిపోతుంది" అన్నాడు, ఫోటోని కంప్యూటర్లో పెద్దది చేసి. మంచిగానే అన్నాడు. తెర మీద చెంప అంత పెద్దదై కనబడింది, గోతులు పడ్డ రోడ్డులా, ఆయన మౌసుతో ఒక్కో గొయ్యీ పూడుస్తుంటే తను నిలబడి చూశాడు. బయటికొచ్చాక స్కూటరు అద్దంలో చూసుకున్నాడు. ఆ చూసుకోవడం ఆ రోజుతో ఆగలేదు. స్టూడియో ఆయన పాపం ఎప్పుడో మర్చిపోయుంటాడు. ఆయన మీద కోపం కూడా లేదు, ఎక్కడో ఉన్న ఎండుగడ్డికి ఎవరి అగ్గిపుల్లయినా ఒకటే, అంతే.

తర్వాత చేసేందుకు దొరికిన ఉద్యోగం కళ్ళజోళ్ళ షాపులో. ఆ పని బాగా వచ్చు తనకి, అది ఇన్‌స్పెక్టరు కూడా ఒప్పుకుంటాడు. ముక్కు వంపు చూసి ప్యాడ్లు సర్దడం, చెవి వెనక కాడ ఎంత వంచాలో వేలితో తెలుసుకోవడం, పిల్లలకి మొదటి కళ్ళజోడు పెట్టినప్పుడు వాళ్ళు గోడ మీది కేలండరు అంకెలు చదివి నోరు తెరవడం. కౌంటరు నిండా అద్దాలే కానీ. వచ్చినవాళ్ళు ఫ్రేము పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ "ఎలా ఉంది?" అనేవాళ్ళు, వాళ్ళ భుజం మీంచి తన చెంప తొంగి చూసేది, తను "బాగుంది" అనేవాడు వాళ్ళ మొహం చూడకుండానే. ఒకావిడ పక్కావిడతో ఏదో గుసగుసలాడి నవ్వింది. తన గురించే అనుకున్నాడు. ఆ రోజే యజమానిని బతిమాలి వెనక గదిలోకి మారిపోయాడు, లెన్సులు సానబట్టే మెషిన్ దగ్గరికి. అక్కడ మెషిన్ హోరు, నీటి తుంపర, గాజు పొడి, కిటికీ లేని గోడలు. హాయిగా ఉందనుకున్నాడు. లెన్సు మీద గీతలున్నాయేమో చూడ్డానికి కంటికి తగిలించుకునే భూతద్దం ఉంటుంది. భోజనాల వేళ అందరూ బయటికి వెళ్ళాక దాన్ని కంటికి తగిలించుకుని, చిన్న అద్దం ముందు చెంప పెట్టి చూసుకునేవాడు. ఏ చర్మాన్నయినా దాంట్లో చూస్తే గుంటలే అని తనకి తెలియదా? తెలుసు. ఏ లెన్సు ఎంత పెద్దది చేసి చూపిస్తుందో అంకెతో సహా చెప్పగలడు. తెలియడం ఒకటి, చూసినప్పుడు ప్రాణం ఉసూరుమనడం ఒకటి, రెండూ ఒకే ఇంట్లో మాట్లాడుకోని అన్నదమ్ముల్లా ఉండేవి.

"రండి సార్, మీరేనా?" కాదు, పేపరాయన్ని పిలుస్తున్నారు. తన వంతు ఇంకా ఉంది. ఊపిరి వదిలాడు, వదిలినందుకు తనని తనే తిట్టుకోబోయి, మానేశాడు.

క్రీములు, పూతలు, చర్మం పొర పొరగా రాలగొట్టే మందులు, లేజర్లు. ఒక్కో డాక్టరు దగ్గర ఒక్కో ఆశ. చేయించుకున్న వారం బాగుండేది, అద్దం కాస్త దయగా ఉండేది, తర్వాత ముక్కు మీది గుంటలు పోతే గడ్డం మీద కనబడేవి, చెంప నునుపైతే ఆ నునుపు పక్కన మిగతాది మరీ గరుకనిపించేది. డాక్టర్లలో కొందరు నవ్వి, "మీకేం లేదండీ, వెళ్ళి హాయిగా ఉండండి" అని పంపించేశారు. ఏమీ లేదని అన్నప్పుడు అందరికంటే ఎక్కువ బాధ వేసేది, మునిగిపోతున్న వాడితో ఇక్కడ నీళ్ళే లేవన్నట్టు. కొందరు అడిగిందల్లా చేసి పంపించారు. చివరికి ఆ చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు, టోపీ, మాస్కు, ఫోను నిండా చెంప ఫోటోలు. తలుపు పక్క కుర్చీలో కూర్చున్నాడు, వెలుగు తగలకుండా. ఆవిడ అది చూసింది. ఫోటోలన్నీ ఓపిగ్గా చూసింది, దీపం పెట్టి చెంప చూసింది, చేతులు కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. లేజరు ఎప్పుడు చేద్దాం అని అడుగుతుందనుకున్నాడు.

"రోజులో ఎంతసేపు దీని గురించే ఆలోచిస్తారు?" అంది.

ఎవరూ అడగని ప్రశ్న. "ఎప్పుడు ఆలోచించనో చెప్పడం తేలికండీ" అన్నాడు.

"దీనివల్ల ఏమేం మానేశారు?"

చెప్పడం మొదలుపెట్టాడు, పెళ్ళిళ్ళు, ఫోటోలు, కౌంటరు ఉద్యోగం, కూతురి బడి ఫంక్షను, పగటిపూట వీధులు. చెబుతుంటే తెలిసింది, ఆ జాబితా తన మొహం కంటే చాలా పెద్దదని. ఆవిడ మధ్యలో ఆపలేదు. ఆఖర్న గొంతు తగ్గించి, "ఎప్పుడైనా, ఇలా బతకడం ఎందుకు అనిపించిందా?" అంది. అతను నేల మీది టైల్స్ గీతలు చూశాడు. గదిలో ఫ్యాను చప్పుడు. "అనిపించింది" అన్నాడు. ఆ మాట భార్యకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు, ఆ చప్పుడులో పడేశాడు. ఆవిడ కంగారుపడలేదు, నీళ్ళ గ్లాసు ఇటు జరిపింది. ఇప్పుడు అలా ఉందా, ఇవాళ ఇంటికి ఎవరితో వెళ్తున్నారు, ఆ ఆలోచన వస్తే ముందు ఎవరికి ఫోను చేస్తారు, అన్నీ అడిగింది, తన నంబరు కూడా ఇచ్చింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మీ చర్మం మీద చిన్న మచ్చలున్నాయి. లేవని నేనబద్ధం చెప్పను. కానీ మీరు పడుతున్న బాధ ఆ మచ్చలంత చిన్నది కాదు. మీరు నటించట్లేదు, మీకు నిజంగానే అలా కనబడుతోంది. ఇదొక జబ్బు, దీనికి పేరుంది, మందుంది. లేజరు మాత్రం దీనికి మందు కాదు. నేను లేజరు చేస్తే మీ బాధ పక్క వీధిలోకి ఇల్లు మారుతుంది, అంతే."

కోపం వచ్చింది. పిచ్చంటున్నారా అని లేచాడు. "పిచ్చి అనలేదు. చెయ్యి విరిగితే ఎముకల డాక్టరు దగ్గరికి పంపనా? అలాగే ఇది కూడా. మనసు డాక్టర్ని చూడండి. నా దగ్గరికీ వస్తూనే ఉండండి, నెలకోసారి రండి, మిమ్మల్ని వదిలించుకోవడానికి చెప్పట్లేదు" అంది. తలుపు గట్టిగా వేసి వచ్చేశాడు. లేజరు చేసే ఇంకో చోటు కోసం వెతుక్కున్నాడు కూడా, దొరికింది కూడా, రమ్మన్న రోజు పొద్దున్నే తయారయ్యాడు కూడా.

ఆ పొద్దున్న స్నానాల గది తలుపు ఓరగా ఉంది. పిచ్చుక బడి బట్టల్లో, పీట మీదెక్కి, అద్దానికి ముక్కు ఆనించి నిలబడి ఉంది. రెండు వేళ్ళతో చెంప లాగి పట్టుకుంది, ఒక కన్ను మూసుకుంది, అచ్చు తను చేసినట్టే. తల ఇటు తిప్పింది, అటు తిప్పింది, అద్దం మీద ఊపిరి మరక పడితే మోచేత్తో తుడిచింది. ఎంతసేపట్నుంచి ఉందో. తలుపు కదిలిన చప్పుడుకి తిరిగి, "నాన్నా, నాకూ గుంటలున్నాయా?" అంది. భయం లేదు దాని గొంతులో, ఆడుకుంటోంది, పెద్దవాళ్ళ చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని నడిచినట్టు. అప్పుడేం జరిగిందో అతనికి వరసగా గుర్తు లేదు. నేల మీద కూర్చున్నాడు. పిల్ల వచ్చి ఒళ్ళో కూర్చుంది. భార్య వచ్చి గడపలో నిలబడింది, చేతిలో పిల్ల టిఫిన్ డబ్బా, మూత పెట్టడం మర్చిపోయింది. "ఆ డాక్టరమ్మ చెప్పిన చోటికి వెళ్దాం" అన్నాడతను. ఆమె అప్పుడు డబ్బా మూత పెట్టింది.

"రండి సార్, ఇప్పుడు మీరే." కత్తెరాయన కుర్చీ దులిపి, దాని వీపు తట్టాడు, గుర్రానికి ధైర్యం చెప్పినట్టు.

కాళ్ళు లేచాయి. తను లేపాడో, అవే లేచాయో. కుర్చీ ఇంకా వెచ్చగా ఉంది పేపరాయన వల్ల. మెడ చుట్టూ గుడ్డ కట్టేశారు, చేతులు గుడ్డ కింద ఉండిపోయాయి, ఇక మొహం దాచుకోవడానికి చేతులు కూడా లేవు. ఎదురుగా అద్దం. మూరెడు కంటే ఎక్కువే ఉంది దూరం, మంచిదే. ఇన్‌స్పెక్టరు అప్పుడే ముక్కు పక్కకి పరిగెత్తాడు. అతను చూపుని చెవుల దగ్గరికి తెచ్చుకున్నాడు, భుజాల దగ్గరికి, మొత్తానికి. మొత్తం చూడటం ఎంత కష్టం! ఇంటిని చూడమంటే ఇన్నేళ్ళూ గోడ పగులు దగ్గరే నిలబడిపోయాడు, ఇప్పుడు వాకిట్లోకి వచ్చి ఇంటిని చూడమంటున్నారు.

కత్తెరాయన జుట్టులో దువ్వెన పెట్టి ఆగిపోయాడు. వెనక్కి వెళ్ళాడు. ఈ పక్కకి వచ్చి చూశాడు, ఆ పక్కకి వెళ్ళి చూశాడు. "ఎవరు కోశారు సార్ ఇది?" అన్నాడు చివరికి, పాత గొడవలున్న చోట అడిగినట్టు జాగ్రత్తగా.

"నేనే."

"మీరేనా! చీకట్లో కోసుకున్నారేంటండీ?"

నిజం అంత సూటిగా వచ్చి తగిలేసరికి అతనికి నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాడు, గుడ్డ కింద పొట్ట అదిరింది, "అవునండీ, లైటార్పి" అన్నాడు. కత్తెరాయన అదో జోకనుకుని ఇంకా పెద్దగా నవ్వాడు, వెనక బెంచీ మీద కొత్తగా వచ్చి కూర్చున్నాయన ఎందుకో తెలియకుండానే నవ్వాడు, అద్దాల్లో ఎంతోమంది నవ్వారు. "వెనకాల మెట్లు మెట్లుగా ఉంది సార్, ఎక్కి మేడ మీదికి పోవచ్చు. ఫర్వాలేదు, సర్దేస్తా. మా పెదనాన్న అనేవాడు, చెడిన క్రాపు బాగుచెయ్యడంలోనే మజా అని" అన్నాడు కత్తెరాయన, నీళ్ళు చల్లాడు. చల్లటి తుంపర నుదుటి మీద, కళ్ళ మీద, చెంప మీద పడింది. చెంప మీద నీళ్ళు పడ్డాయంతే, అక్కడ ఇంకేమీ జరగలేదు. కత్తెర చప్పుడు చెవి పక్కన మొదలైంది. జుట్టు తుంపులు గుడ్డ మీద జారుతున్నాయి. కాసేపు అంతా బాగుంది, కాసేపు ఆ చప్పుడులో నిద్రొచ్చేట్టు కూడా అనిపించింది.

అప్పుడు కత్తెరాయన వంగి, మొహంలోకి దగ్గరగా చూసి, "సార్, ఫేషియల్ చేసేదా? మొహం డల్‌గా ఉంది. ముక్కు మీద, చెంపల మీద క్లీన్ చేస్తే మెరిసిపోద్ది" అన్నాడు.

ఇందాక పేపరాయన్ని కూడా అడిగాడు ఇదే మాట, ఆయనకంటే ముందు కుర్రాణ్ణి కూడా. తన చెవులతో తనే విన్నాడు. అయినా ఆ మాట తనదాకా వచ్చేసరికి వేరే మాటైపోయింది. చెవుల్లో హోరు, లెన్సు మెషిన్ హోరు. ఇన్‌స్పెక్టరు బల్లగుద్ది లేచాడు, చూశావా, చూశావా, డాక్టర్లు నీకు అబద్ధం చెప్పారు, ఇతనికేం అవసరం, రోజూ వందమంది మొహాలు చూసేవాడు, ఇతనికి కనబడింది, ముక్కు మీద, చెంపల మీద, సరిగ్గా అక్కడే. గుడ్డ లాగేసి పరిగెత్తమన్నాడు. లేదంటే అడుగు, ఏం కనబడింది, ఎక్కడ, ఎంత లోతుగా, అడుగు, ఒక్కసారి అడుగు. నాలుక మీదకొచ్చింది ప్రశ్న. ఇంట్లో ఎన్నిసార్లు అడిగాడో ఆ ప్రశ్న, భార్య బియ్యం కడుగుతుంటే, పిల్లకి జడ వేస్తుంటే, "ఇక్కడ చూడు, నిజం చెప్పు, లోతుగా ఉందా?" ఆమె "లేదండీ" అనేది, ఆ లేదు చల్లారేదాకా ఊరట, తర్వాత మళ్ళీ అడిగేవాడు. మనసు డాక్టరు ఆమెని కూడా కూర్చోబెట్టి మాట్లాడారు, ఆ ప్రశ్నకి జవాబివ్వడం మానెయ్యమన్నారు, ప్రేమగానే మానెయ్యమన్నారు. మొదట్లో ఆమెకి ఏడుపొచ్చేది. ఇప్పుడు అడిగితే, "దానికి జవాబు చెప్పనుగానీ, మీరేం అనుకుంటున్నారో చెప్పండి, వింటాను" అంటుంది, పని ఆపి పక్కన కూర్చుంటుంది.

"సార్?" అన్నాడు కత్తెరాయన.

"వద్దండీ. క్రాపు చాలు" అన్నాడతను. గొంతు కీచుగా వచ్చింది. వచ్చింది మాత్రం ఆ మాటే.

"సరే సార్" అని కత్తెరాయన చెవి మడిచి కత్తెర పెట్టాడు. అంతే. ఆయనకి అది అయిపోయిన సంగతి. ఇక్కడ లోపల మాత్రం అల లేస్తూనే ఉంది. భయం ఒకచోట దాకా లేస్తుంది, మీరు దాని మాట వినకుండా కూర్చుంటే దానంతటదే దిగుతుంది, మీరు దింపక్కర్లేదు, అన్నారు మనసు డాక్టరు. మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. దిగకపోతే? దిగకపోతే ఇలాగే కూర్చుంటాను, గుడ్డ కట్టేశారు కదా, అనుకున్నాడు. అరచేతులు గుడ్డ కింద తడిసిపోయాయి. కూర్చున్నాడు. కత్తెరాయన ట్రిమ్మరు తీశాడు, మెడ వెనక గుయ్యిమంది, చక్కిలిగింత. ఎవరో రేడియో పెట్టారు, వాతావరణం చెబుతున్నారు. చెంప మండుతున్నట్టే ఉంది, ఉండనీ. బయట ఎవరో సైకిలు స్టాండు వేశారు. అలా ఎంతసేపో. వాతావరణం అయిపోయి పాట వచ్చింది, ఆ పాటలో ఒక చరణం పూర్తిగా విన్నానని అతనికి ఆ చరణం అయిపోయాక తెలిసింది. భుజాలు దిగి ఉన్నాయి. ఎప్పుడు దిగాయో చూడలేదు. మాత్రల వల్లో, మాటల వల్లో, ఇన్ని వారాలుగా చిన్న చిన్న పనులు చేస్తూ వచ్చినందుకో, లేక ఇవాళ పరిగెత్తకపోయినందుకో. అల దిగింది. పూర్తిగా కాదు, మోకాళ్ళ దాకా ఉంది ఇంకా, కానీ నిలబడొచ్చు ఆ నీళ్ళలో.

అద్దంలోకి చూశాడు, భుజాల దాకా. ముప్పై దాటిన మనిషి ఒకాయన, కళ్ళకింద నిద్రలేని నలుపు, అమ్మ కనుబొమలు, క్రాపు సగం అయింది. చెంపల మీద ఏవో ఉన్నాయి, ఉన్నట్టే ఉంది. అందగాడేం కాదు. భయపడాల్సినట్టూ లేడు. రైల్లో ఎదురుగా కూర్చుంటే కాస్త జరగమని అడగొచ్చు, అలాంటి మనిషి. పాపం చాలా అలిసిపోయాడు వీడు, అనిపించింది, మొదటిసారి జాలి కలిగింది ఆ మొహం మీద, పరాయివాడి మీద కలిగినట్టు. ఇన్‌స్పెక్టరు ఇంకేదో అంటున్నాడు. అననీ. వాడి ఉద్యోగం ఇప్పుడిప్పుడే పోదు, ఎన్నేళ్ళ సర్వీసో కదా.

కత్తెరాయన చిన్న అద్దం తెచ్చి వెనక పట్టుకుని మెడ దగ్గర చూపించాడు. మెట్లు పోయాయి. "బాగుంది" అన్నాడతను. చూసే అన్నాడు.

బయట ఎండ నేరుగా మొహం మీద పడింది. చెయ్యి అలవాటుగా పైకి లేచి, అక్కడ టోపీ లేక, కొత్తగా కోసిన జుట్టు మీద ఆగి, అది బాగానే ఉందని కిందికి దిగింది. షాపు ముందు రోడ్డు కాస్త ఎత్తు. అక్కడ నీళ్ళ క్యాన్ల బండి ఒకటి ఆగిపోయి ఉంది, డ్రైవరు ఒక చెయ్యి స్టీరింగు మీద పెట్టి, భుజంతో తలుపు దగ్గర తోస్తూ ఆయాసపడుతున్నాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. "అన్నా, ఒక్క చెయ్యెయ్యవా?" అని అరిచాడు డ్రైవరు, ఇటు చూసి. అతను వెనక్కి తిరిగి చూశాడు, ఎవర్నో అనుకుని. ఎవరూ లేరు. వెళ్ళి బండి వెనక రెండు చేతులూ ఆనించాడు. ఇనుము ఎండకి కాలుతోంది. తోశాడు, కదల్లేదు. కాళ్ళు ఎడం చేసి, తల వంచి, మళ్ళీ తోశాడు. క్యాన్లలో నీళ్ళు అటూ ఇటూ ఊగి గుబగుబమన్నాయి. "ఆ, ఆ, వస్తోంది, ఆపకన్నా!" రోడ్డు మీద వెళ్తున్న ఇంకొకాయన వచ్చి పక్కన భుజం పెట్టాడు. ఇద్దరూ పళ్ళు బిగించి తోశారు, చెమట కళ్ళలోకి కారింది, చెప్పు ఒకటి ఊడిపోయింది, ఆ ఎత్తు దాటేసరికి బండి ఒక్కసారిగా తేలికై ముందుకు ఉరికింది, డ్రైవరు ఎగిరి లోపల కూర్చున్నాడు, ఇంజను దగ్గి అందుకుంది. డ్రైవరు కిటికీలోంచి చెయ్యి ఊపాడు, ఆగితే మళ్ళీ ఆగిపోతుందని ఆగకుండా వెళ్ళిపోయాడు. పక్కాయన "అమ్మయ్య" అని నవ్వి తన దారిన పోయాడు. అతను వెనక్కి నడిచి చెప్పు వెతుక్కున్నాడు, తొడుక్కున్నాడు, గోడకానుకుని ఊపిరి పీల్చుకుంటున్నాడు. ఫోను మోగింది.

"ఏమండీ, ఎక్కడున్నారు?"

"రోడ్డు మీద. బండి తోస్తున్నా. తోశాను."

"బండేంటి? క్రాపుకి కదా వెళ్ళారు?"

"అదీ అయింది."

ఆమె ఏదో అడగబోయి ఆపుకుంటోందని తెలిసింది, తను చెప్పబోయి ఆపుకుంటున్నట్టే. అప్పుడే ఇంకోటి కూడా తెలిసింది. షాపు మెట్లు దిగి ఆ ఇనుము మీద చేతులు పెట్టినప్పట్నుంచి ఫోను మోగేదాకా, తనకి మొహం ఒకటుందని గుర్తే లేదు. ఎంతసేపు? నాలుగు అంగల దూరం, ఒక ఎత్తు. అంతే కావచ్చు. కానీ అంతసేపు లోకంలో ఒక బండి ఉంది, నీళ్ళున్నాయి, ఎండ ఉంది, పక్కన ఎవరిదో భుజం ఉంది, తను లేడు, ఎంత బాగుందో. ఆ సంగతి ఆమెకెలా చెప్పాలో తెలియలేదు. ఇంటికెళ్ళి చెప్పాలి, నెమ్మదిగా, పక్కన కూర్చుని.

ఫోను లాక్కున్న చప్పుడు. "నాన్నా, ఎవరి బండి?" పిచ్చుక గొంతు, చెవి చిల్లులు పడేలా.

"తెలీదమ్మా. ఆగిపోయింది, తోశాను."

"మరి వెళ్ళిందా?"

అతను రోడ్డు చివరికి చూశాడు. ఎండలో, నీళ్ళ క్యాన్లు తళుక్కుమంటూ, బండి మలుపు తిరుగుతోంది.

"వెళ్ళింది" అన్నాడు.